డోర్కస్ దిద్దిన నవ్వు

ఇంగ్లండులోని డెర్బీలో పింగాణీ బొమ్మలకు ముఖాలు దిద్దే డోర్కస్ టన్నిక్లిఫ్‌కు యాభై దాటాయి. కుంచె మొనను పెదవులతో తడిపి, ఊపిరి బిగబట్టి, జానెడైనా లేని గొర్రెలకాపరి పిల్లకు కళ్ళు పెడుతుంది. ఆఖర్న ఎర్రటి నవ్వు గీస్తుంది. ఇరవై ఏళ్ళుగా అదే నవ్వు. ఆ సోమవారం మేస్త్రీ గాడ్స్‌బీ ఆమె దిద్దిన ఒక బొమ్మను తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

"లండన్ నుంచి ఒక దొరసాని పంపింది. ఈ పిల్ల ఏడుపు ఆపుకుంటోందట."

"ఏడుపేంటయ్యా? నవ్వుతోంటేనూ!"

"సరిగ్గా చూడు."

డోర్కస్ బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. నిజమే. పెదవుల కొనలు పైకే ఉన్నాయి కానీ, ఇంకో క్షణంలో ఏడ్చేసేలా ఉంది. అరలో తను దిద్ది పెట్టిన పన్నెండు బొమ్మలూ అంతే. ఇది ఎప్పుడు మొదలైందో ఎంత ఆలోచించినా ఆమెకు అంతుపట్టలేదు.

"మార్చేస్తానయ్యా. పనిలోంచి మాత్రం తీసెయ్యకండి."

"పిచ్చిదానా, మార్చడమేంటి? అచ్చం ఇలాంటివే ఇంకో ఆరు కావాలంది."

అతను వెళ్ళాక డోర్కస్ ఇంకా ముఖం దిద్దని ఒక తెల్లబొమ్మను తీసుకుని ఎప్పటిలాగే పెదవులు గీసింది. బొమ్మ హాయిగా నవ్వింది. తుడిచి మళ్ళీ గీసింది. మళ్ళీ నవ్వే. చివరికి పక్క బల్ల దగ్గరున్న కెజియాను పిలిచింది.

"ఏమే, ఇన్నాళ్ళూ నేను ఏం గీశానే?"