చివర్లో వచ్చే జీపు

మా ఆవిడ పోయింది. మంగళవారం పొద్దున, ఆసుపత్రిలో. నేను పక్కనే ఉన్నాను.

విజయవాడలో ఉన్నప్పుడు ఆమె సోషల్ టీచరు. ఇక్కడ కెనడాకి, గ్వెల్ఫ్‌కి వచ్చాక బడిపిల్లలు భోజనం చేస్తుంటే చూసుకునే పని. ఆమెకు సినిమాలంటే ప్రాణం. వాటిని ఎలా చూడాలో నాకు నేర్పింది కూడా ఆమే.

"విలన్ ఎవరో చూడండి. ఆ రోజుల్లో జనం ఎవరితో వేగలేకపోతున్నారో తెలుస్తుంది" అనేది. ఒకప్పుడు భూస్వామి, తర్వాత మిల్లు యజమాని, ఆ తర్వాత మంత్రి.

పాత సినిమాల్లో కొట్లాట అంతా అయ్యాక పోలీసు జీపు వస్తే అందరం నవ్వుతాం. ఆమె నవ్వేది కాదు. "వాళ్ళొచ్చేదాకా హీరో విలన్ని చంపకుండా ఆగాడు కదండీ. అంటే చూసేవాళ్ళకి కోర్టు మీద ఇంకా కాస్త ఆశ ఉన్నట్టే."

ఆ జీపు మా ఇద్దరి మధ్య ఒక వాడుక మాట అయింది. నేను వాకిట్లో మంచు అంతా ఎత్తిపోశాక, రోడ్డు మీద మంచు తోసే సిటీవాళ్ళ బండి వచ్చేది. ఆమె కిటికీలోంచి అరిచేది: "జీపొచ్చిందండోయ్!"

కిందటి శీతాకాలం స్కార్‌బరోలో కొత్త తెలుగు సినిమాకి వెళ్ళాం. చివర్లో హీరో విలన్ని నడిబజారుకి ఈడ్చుకొచ్చి చంపాడు. అక్కడే ఉన్న పోలీసు తన టోపీ తీసి పక్కకు తిరిగాడు. హాలంతా ఈలలు. నేనూ లేచి చప్పట్లు కొట్టాను. ఆమె తెర వైపు చూడడం లేదు. నన్ను చూస్తోంది.

బయటికొచ్చి కారెక్కాం.

"జీపు రాలేదు" అంది దారిలో. "మీరూ దానికోసం చూళ్ళేదు. ఎందుకు కొట్టారండీ చప్పట్లు?"

"సినిమానే కదా, వదిలెయ్."

"సినిమా సంగతి కాదు. మీ సంగతి అడుగుతున్నా."

నేను హీటర్ పెంచాను.

అప్పటికి ఒక తప్పు నామీద వేసి నన్ను ఉద్యోగంలోంచి తీసేసి రెండు నెలలు. తప్పు నాది కాదని ఆఫీసుకు రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. ఉద్యోగం పోయిందని ఆమెకు తెలుసు. నాలో ఎంత కోపం పేరుకుందో తెలియదు. తెర మీద ఆ మనిషి చస్తుంటే నాకు హాయిగా అనిపించింది. ఆ మాట ఆమెతో చెప్పడానికి సిగ్గుపడ్డాను. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. ఈలోగా ఆమె జబ్బు బయటపడింది.

ఆమె మళ్ళీ అడగలేదు. ఆసుపత్రిలో ఒకరోజు మా అమ్మాయి రిచ్‌మండ్ హిల్ నుంచి ట్రాఫిక్ దాటుకుని ఆలస్యంగా వచ్చింది. "జీపొచ్చింది" అంది ఆమె, కళ్ళు తెరవకుండానే. "వాట్ జీప్, అమ్మా?" అంది పిల్ల. మా ఆవిడా నేనూ నవ్వాం. అప్పుడైనా చెప్పాల్సింది.

నిన్న ఈ ఏటి మొదటి మంచు పడింది. వాకిలి శుభ్రం చేసి, పార పట్టుకుని నిలబడ్డాను. అప్పుడొచ్చింది బండి. నేను తీసిన దారికి అడ్డంగా మళ్ళీ మంచుకట్ట పోసి, మలుపు తిరిగింది. దాని నీలి దీపం వెలుగు ఆమె అరిచే కిటికీ అద్దం మీద రెండుసార్లు తిరిగి, ఆరిపోయింది.