పుల్ల విరవని వెర్లా

మా బ్రాంట్ కౌంటీ తిరునాళ్లలో ఏటా కార్ల గుద్దులాట జరుగుతుంది. పాత కార్లతో ఒకరినొకరు గుద్దుకుంటారు. చివరిదాకా కదిలే కారు గెలుస్తుంది. పదిహేడేళ్లుగా ఆ కార్లను తనిఖీ చేసేది నేను. ఎవరు ఛాసిస్‌లో, అంటే కారు అడుగు చట్రంలో, దొంగచాటుగా ఇనుప రేకు దూర్చారో, ఎవరు బంపర్‌లో సిమెంటు పోశారో పట్టుకోవడం నా పని. అందువల్ల ఈ చుట్టుపక్కల నాకు స్నేహితులు తక్కువ. ఉన్న కొద్దిమందిలో వెర్లా స్ట్రోబెల్ ఒకతె. ఇద్దరం ఒకే బడిలో చదివాం. ఇప్పుడు ఆ బడి వంటగదిలోనే ఆమె పనిచేస్తోంది.

వాళ్ల నాన్నకు పాడి ఉండేది. వెర్లాకు పందొమ్మిదేళ్లప్పుడు, కోసిన గడ్డి పొలంలో ఉండగానే, కట్టలు కట్టే యంత్రం ఇరుసు విరిగింది. పడమట మబ్బు కమ్ముకొస్తోంది. నాన్న ఆస్పత్రిలో ఉన్నాడు. వెర్లా ఆయన వెల్డింగ్ మాస్కు తగిలించుకుని, ఎవరూ నేర్పకుండానే, ఆ ఇరుసును అతికింది. తర్వాత యంత్రంలో ప్రతి ముక్కా అరిగిపోయింది గానీ ఆ అతుకు మాత్రం ఊడలేదు.

ఆమె తమ్ముడు ఆరిన్ తనకంటే ఆరేళ్లు చిన్న. మాటకారి, మంచి డ్రైవరు. పన్నెండేళ్లపాటు అతను గుద్దులాటకు దిగిన ప్రతి కారూ వెర్లా షెడ్డులోంచే బయటికొచ్చింది. చలికాలమంతా ఆమెకదే పని. పడవంత పాత సెడాన్ తెచ్చి అద్దాలు, సీట్లు పీకేసేది. పెట్రోలు ట్యాంకు తీసేసి, డ్రైవరు వెనక చిన్న డబ్బా బిగించేది. బ్యాటరీని పక్క సీటు కిందికి మార్చేది. తలుపులు అతికేసేది. ఆ తర్వాత కారు వెనక ఛాసిస్‌లో రెండు చోట్ల చిన్న గాట్లు పెట్టేది. దెబ్బ తగిలితే డిక్కీ పైకి ముడుచుకుపోవాలి తప్ప చక్రాల మీద పడకూడదు కదా! బలం పెంచడం అందరికీ వచ్చు. కారు ఎక్కడ వంగాలో ముందే తేల్చడం మా కౌంటీలో ఆమె ఒక్కతికే వచ్చు.

తిరునాళ్ల డెబ్బై అయిదో ఏట గ్యాలరీ గోడకు ఒక ఫలకం తగిలించారు. 'ఆరిన్ స్ట్రోబెల్, ఆరుసార్లు విజేత, తన కార్ల నిర్మాత' అని ఉంది దాని మీద. అందరూ చప్పట్లు కొట్టారు. ఆరిన్ టోపీ తీసి ఊపాడు. వేదిక దిగాక వెర్లా అతన్ని సాసేజీల బండి పక్కన ఆపింది. నేనక్కడే ఉన్నాను.

"ఒరే ఆరిన్, నిర్మాత అని ఎవర్రా రాయించింది?"

"వాళ్లే రాసుకున్నారక్కా. ఇప్పుడు దానికేం?"

"'నేను కాదు, మా అక్క' అని ఒక్క ముక్క చెప్పొచ్చుగా."

"నువ్వు నాలుగు అతుకులేశావు. గుద్దులు తిన్నది నేను. నడపడంలో ఉంది అసలు విద్య. ఇనుము ఎవడైనా అతుకుతాడు."

"అయితే వచ్చే ఏడు ఆ ఎవడితోనో అతికించుకో."

ఆరిన్ నవ్వాడు. రెండు వారాల్లో కోపం చల్లారుతుందనుకున్నాడు. అక్టోబరులో ఒక రైతు కొట్టంలోంచి పందొమ్మిది వందల డెబ్బై ఆరు నాటి ఇంపాలా కారును వెర్లా ట్రాక్టరుతో లాక్కొచ్చింది. ఆ వార్త తెలిసి అతను షెడ్డుకెళ్లాడు.

"భలే ఉందక్కా. నాదేనా?"

"నాది."

"నడిపేదెవరు?"

"నేనే."

"నీకు యాభై ఎనిమిదేళ్లక్కా!"

"దీనికి ముప్పై ఏడు. మా ఇద్దరి సంగతి మేం చూసుకుంటాం. నువ్వెళ్లేటప్పుడు తలుపెయ్యి, చలి కొడుతోంది."

వంటావిడకు మతి పోయిందని ఊరంతా అనుకుంది. భోజనాల వరసలో ఒక పంతులమ్మ ఉండబట్టలేక, "ఈ వయసులో ఇదేం పనండీ?" అని అడిగేసింది. "బంగాళాదుంప ఇంకో గరిటె వెయ్యనా?" అంది వెర్లా. వేసింది కూడా.

ఆగస్టులో ఆదివారం మధ్యాహ్నం తనిఖీ. ఆరిన్ ముందుగానే నా దగ్గరికి వచ్చి చెవిలో ఊదాడు. "హార్లన్, అక్క కారు జాగ్రత్తగా చూడు. వెనక ఛాసిస్‌లో రేకు పెట్టే ఉంటుంది." నేను బెజ్జం వేసి, చిన్న కెమెరా దూర్చి చూశాను. ఏమీ లేదు. కానీ ముందు బంపర్ దగ్గర టేపు పెట్టి కొలిస్తే, రెండు వైపులా అతుకు పదేసి అంగుళాలుంది.

"వెర్లా, ఆరుకు మించకూడదు."

"రూల్సు పుస్తకంలో పది అని ఉంది."

"అది నిరుటిది. ఏప్రిల్లో మార్చాం. కాగితం పంపాం కదా."

"ఎక్కడికి?"

నోరు జారాక గానీ నాకు తట్టలేదు. "ఏటా పంపినట్టే... ఆరిన్ ఇంటికి."

అందరం ఆరిన్ వైపు చూశాం. అతను తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. వెర్లా ముఖం ఎర్రబడింది. ఒక్క నిమిషం ఆ టేపు నా చేతిలో లేకపోతే బాగుండుననిపించింది.

"ఇది మా తప్పే. కమిటీతో మాట్లాడతాను. ఈ ఒక్కసారికి..."

"నాకు మినహాయింపులు వద్దు హార్లన్. రేపు అదే చెప్పుకుంటారు. ఇనుము కోసే గ్రైండరుందా?"

ఇరవై అయిదు నిమిషాలే ఉంది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, చలికాలంలో తను వేసిన అతుకును తనే కోసింది. నిప్పురవ్వలు మోచేతుల దాకా ఎగిరాయి. ఒక్కో వైపు నాలుగంగుళాలు తీసేసి లేచి, "ఇప్పుడు కొలువు" అంది. కొలిచాను. ఆరుకు నూలుపోగంత తక్కువే ఉంది.

కార్లు మరీ వేగం అందుకోకుండా అగ్నిమాపక బండి నీళ్లు చిమ్మి మైదానాన్ని బురద చేసింది. పదకొండు కార్లు దిగాయి. ప్రతి డ్రైవరు కిటికీ పక్కనా ఒక పుల్ల కడతాం. ఓటమి ఒప్పుకునేవాడు దాన్ని విరుస్తాడు, ఇక అతన్నెవరూ గుద్దకూడదు. నిమిషంలోగా ఎవర్నీ గుద్దలేకపోయిన కారు కూడా ఓడినట్టే.

ఆరిన్ మొదట అక్క మీదికే వచ్చాడు. అతని కారును ఎవరో ట్రాక్టరు మెకానిక్ అతికాడు. అతుకులు లావుగా, చూడ్డానికి ఘనంగా ఉన్నాయి. రెండో దెబ్బకే బంపర్ ఊడి బురదలో పడింది. మూడో దెబ్బకు రేడియేటర్ పగిలి ఆవిరి చిమ్మింది. ఆరిన్ పుల్ల విరిచాడు.

వెర్లా తొందరపడలేదు. వెనక్కి నడుపుతూ డిక్కీతోనే గుద్దింది. ఆ డిక్కీ తను అనుకున్నట్టే పైకి ముడుచుకుంది, చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. చివరికి రెండే కార్లు మిగిలాయి. రెండోది లారీ నడిపే క్లెమ్ ఓడెగార్డ్‌ది. క్లెమ్ ఆమెను మైదానం చుట్టూ పేర్చిన సిమెంటు దిమ్మెలకేసి నొక్కాడు. ఇంపాలా ఇంజను ఆగిపోయింది. పుల్ల విరిచెయ్యమని నేను చేత్తో సైగ చేశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. నలభై సెకన్లు, యాభై... దగ్గుతూ ఇంజను అందుకుంది. గ్యాలరీ లేచి నిలబడింది. ఆమె వెనక్కొచ్చి క్లెమ్ ముందు చక్రాన్ని వంకర చేసింది. అతనూ ఊరుకోలేదు, ఉన్న మూడు చక్రాలతోనే వచ్చి ఒక్కటిచ్చాడు. ఈసారి ఇంపాలా ఇంజను లేవలేదు. పుల్ల అలాగే ఉంది. నేను అరవై లెక్కపెట్టి ఎర్ర జెండా దించాను.

కిటికీలోంచి ఆమె దిగడానికి చెయ్యి అందించాను.

"విరిచేస్తే ఆ చివరి గుద్దు తప్పేదిగా?"

"ఓడిపోయానని నువ్వు రాసుకో, అది నీ పని. నా చేత్తో మాత్రం విరవను."

క్లెమ్ తను గెలిచిన కప్పు సంగతి మరిచి, బురదలో వంగి ఇంపాలా బంపర్ చూస్తున్నాడు. "ఈ అతుకు ఆరంగుళాలేనా?" అన్నాడు. "నమ్మకపోతే కొలుచుకో" అంది వెర్లా. ఆమె మోకాలు వాచిపోయింది. అయినా నడిచే వెళ్లింది.

ఫలకం మార్చమని కమిటీలో నేను అడిగాను. చూద్దామన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు. క్లెమ్‌తో సహా ముగ్గురు మాత్రం తమ కార్లకు ఆమె సలహా అడగడానికి వెళ్లారు.

నవంబరులో, మూడు నెలల తర్వాత, ఆరిన్ షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. నేను లోపల స్టవ్ దగ్గర కూర్చుని ఉన్నాను.

"అక్కా, ఆ కాగితం నీకివ్వాల్సింది."

"అవును, ఇవ్వాల్సింది."

"వచ్చే ఏటికి..."

"నీకు కారు చేసిపెట్టను."

"అది కాదు. ఎలా అతకాలో నేర్పుతావేమోనని..."

వెర్లా రెండు తుప్పు పట్టిన ఇనుప ముక్కలు తీసి బల్ల మీద పడేసింది. "ముందు వీటిని తోము. మెరిసేదాకా తోము. అప్పుడు మాట్లాడదాం" అంది.

ఆరిన్ కోటు విప్పి పక్కన పెట్టాడు.