ఎర్ర దారం కట్టిన కడ్డీ

మా ఇంట్లో తద్దినం వంట స్టీలు గిన్నెల్లో చేయరు. ఇత్తడి గిన్నెలే వాడాలి. చింతపండు పులుసు ఇత్తడిని తింటుంది కనుక లోపల తగరంతో కళాయి పూయించాలి. ఏటా మాఘమాసంలో, మా నాన్నగారి తద్దినానికి పది రోజుల ముందు, కళాయి పనివాడు సైకిలు మీద కొలిమి సామాను కట్టుకుని కొత్తపేట వైపు నుంచి వచ్చేవాడు. మా అరుగు ముందు నిప్పు రాజేస్తే ఏడిళ్ళ గిన్నెలూ అక్కడికే చేరేవి.

నేను ముప్ఫై రెండేళ్ళు బడిలో రసాయనశాస్త్రం బోధించాను. ముడిఖనిజాన్ని కాల్చడం, బొగ్గుతో కలిపి కరిగించి లోహాన్ని రాబట్టడం, మాలిన్యాన్ని వేరుచేయడం ఏటా చెప్పిన పాఠమే. తగరం సాంద్రత 7.3, సీసం సాంద్రత 11.3. ఈ అంకెలను నమ్మినంతగా నేను ఏ మనిషి మాటనూ నమ్మలేదు.

నాలుగేళ్ళ కిందట, కళాయిలో చవకగా సీసం కలుపుతున్నారని ఎక్కడో చదివాను. ఆ మాఘంలో అతను కాలవకు చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు, అతని డబ్బాలోంచి ఒక కడ్డీ తీసి లోపల తూచాను. 44.5 గ్రాములు. కొలజాడీలో ముంచితే పెరిగిన నీరు 5 మిల్లీలీటర్లు. సాంద్రత 8.9. అంటే ఇంచుమించు సగం సీసం. నోటుబుక్కులో తేదీ, వేళ, బరువు రాశాను. ‘ఎర్ర దారం కట్టిన కడ్డీ’ అని కూడా రాశాను.

అతను తిరిగి వచ్చాక అందరూ వినేలా అడిగాను. “ఏమయ్యా, నీ తగరంలో సగం సీసమేనా?”

“లేదండీ మేష్టారూ. ఆ కడ్డీ...”

“కడ్డీని నేనే తూచాను. నీ మాట వినాలా, త్రాసు మాట వినాలా?”

పక్కింటి పిన్నిగారు గిన్నె కింద పెట్టేశారు. “అమ్మబాబోయ్! ఇన్నేళ్ళూ పితృదేవతలకి సీసం పెట్టేమాండీ?”

“పోయినవాళ్ళకేవవుతుందండీ? భోక్తలు ఎలా ఉన్నారో కనుక్కోండి!” అన్నాడు ఎదురింటాయన.

అందరూ నవ్వారు. కళాయి అతను నా వైపు చూసి, “ఆయ్. మీరు చదువుకున్నవారండీ” అన్నాడు. నిప్పు మీద నీళ్ళు పోసి, పని సగంలో ఉన్న గిన్నెలు తిరిగి ఇచ్చేసి వెళ్ళిపోయాడు.

నాలుగో రోజున మా ఆవిడ ఆ బూడిద ఎత్తుతుంటే దారం లేని కడ్డీ ఒకటి దొరికింది. తూచాను: 36.5 గ్రాములు, 5 మిల్లీలీటర్లు. సాంద్రత 7.3. మేలిమి తగరం.

“కళాయికి ఎప్పుడూ ఇదే తీసేవాడండీ” అంది మా ఆవిడ. “దారం కట్టింది బయటివైపు చిల్లులకి మాటు వేయడానికి. రెండూ కలిసిపోకూడదని దారం కట్టుకునేవాడు.”

“మరి ఆ రోజు చెప్పలేదేం?”

“నేను పెరట్లో పప్పు రుబ్బుతున్నాను. అయినా మీరు ఎవర్నైనా అడిగేరా?”

నేను వేసిన లెక్కలో తప్పు లేదు. దారం ఎందుకు కట్టాడన్న ఒక్క ప్రశ్న వేయలేదు. ఆ సాయంత్రమే ఏడిళ్ళకీ వెళ్ళి చెప్పవలసింది, చెప్పలేదు. వచ్చే మాఘంలో అతను వస్తే అతనికే చెప్పుకుందామనుకున్నాను. అతను రాలేదు. ఆ మరుసటి ఏడూ రాలేదు. మూడో ఏట నేనే వెతుక్కుంటూ వెళ్ళాను. ఒక కొబ్బరి తోటలో కాయలు ఒలుస్తూ కనిపించాడు. దొరికిన కడ్డీ చేతికిచ్చి, తప్పు నాదేనని చెప్పాను.

“ఆయ్, నాకు తెలుసండీ” అన్నాడు. కడ్డీని అరచేతిలో తిప్పి చూసి, “మరి మీ వీధిలో చెప్పేరాండీ?” అని అడిగాడు.

“లేదు” అన్నాను.

“మీ వీధి మాట పలివెల దాకా పాకిందండీ. నేను గిన్నెలకి విషం పూస్తానన్నారు. కొలిమి తిత్తి అమ్మేసేను.” కడ్డీని నా చేతిలోనే తిరిగి పెట్టి, మరో కాయ అందుకున్నాడు.

ఆ రోజే ఏడిళ్ళకీ తిరిగి చెప్పాను. అయిదిళ్ళలో ఇత్తడి గిన్నెలు అప్పటికే పాత సామానుకి వేసేశారు. “ఇప్పుడెందుకండీ మేష్టారూ ఇవన్నీ?” అన్నారు పిన్నిగారు.

ఈ మాఘంలో మా తద్దినం వంట స్టీలు గిన్నెల్లోనే జరిగింది. మా గిన్నెల్లో అతను పూసిన పాత కళాయి అరిగి, అడుగున పసుపు రంగు తేలింది. పూసేవాడు లేడు. నోటుబుక్కులో 8.9 అన్న అంకెను కొట్టివేయలేను, అది సరైనదే. దాని కింద అతను అడిగిన ప్రశ్నను, అడిగిన తేదీతో సహా, రాసి ఉంచాను.