తమ్ముడి వెనకాల ఒక రోజు

నా చిన్నప్పుడు మేము నాంపల్లి స్టేషన్ వెనక ఒక సందులో, రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. బాపు ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. అమ్మ ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుట్టేది. మా తాతయ్య, అంటే బాపు వాళ్ల నాన్న, రైల్వేలో పనిచేసి రిటైరై మా దగ్గరే ఉండేవాడు. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. నా తర్వాత చాలా ఏళ్లకు పుట్టిన తమ్ముడికి రెండున్నర.

వాడు ఒక్క చోట కూర్చునే పిల్లవాడు కాదు. బియ్యం డబ్బాలో నీళ్లు పోసేవాడు. అమ్మ కత్తిరించి పెట్టిన బట్టముక్క పట్టుకుని సందులోకి పరుగెత్తేవాడు. బడి లేనప్పుడల్లా వాణ్ణి చూసుకోవడం నా పని. నా ఈడు పిల్లలంతా పక్క వాకిట్లో తొక్కుడుబిళ్ల ఆడుతుంటే, నేను వాడి చొక్కా అంచు పట్టుకుని నిలబడాల్సి వచ్చేది. వాడంటే నాకు ఇష్టం లేదని కాదు. కానీ వీడు లేకపోతే ఎంత బాగుండు అని చాలాసార్లు అనుకున్నాను. ఆ మాట ఇక్కడ ఒప్పుకోకపోతే మిగిలినదంతా చెప్పి లాభం లేదు.

ఒక ఆదివారం అమ్మ కుట్టిన జాకెట్లు ఇచ్చి రావడానికి ఆబిడ్స్ వైపు వెళ్లింది. బాపు, తాతయ్య కూడా ఇంట్లో లేరు. నేను అమ్మ పాత చీర పీలిక తీసుకుని తమ్ముడి కాలిని మంచం కోడుకు కట్టేశాను. వాడి ముందు గుప్పెడు మరమరాలు పోసి, తలుపు దగ్గరికి వేసి ఆడుకోవడానికి పోయాను. ఐదు నిమిషాల్లో వద్దామనుకున్నాను. ఆటలో పడి ఎంతసేపైందో తెలియలేదు.

తిరిగి వచ్చేసరికి తాతయ్య కింద కూర్చుని ముడి విప్పుతున్నాడు. వాడు లాగీ లాగీ ముడి బిగుసుకుపోయింది. ఏడ్చి ఏడ్చి వాడి గొంతు పోయింది. చీలమండ చుట్టూ ఎర్రగా వాత తేలింది. నేను గోడకు ఆనుకుని దెబ్బ కోసం ఎదురుచూశాను. తాతయ్య కొట్టలేదు. వాడి కాలికి కొబ్బరినూనె రాసి, నాతో మెల్లగా అన్నాడు.

"మీ అమ్మకు నేను చెప్పను. కానీ రేపు బడికి పోకు. పొద్దున లేచినప్పటి నుంచి వీని ఎనకాలనే ఉండు. వీడు ఏం చేస్తే నువ్వు గదే చెయ్యాలె. ఆపొద్దు. దెబ్బ తగులుతదంటే పట్టుకో, గంతే. పొద్దుగూకినంక నాకు ఒక్కటి ఇడవకుండ చెప్పాలె."

దెబ్బలు తప్పించుకున్నానని సంబరపడ్డాను. మరునాడు నేను తప్పక బడికి పోవాలని అమ్మ గొణిగితే, తాతయ్యే సర్దిచెప్పాడు.

తమ్ముడు లేచీ లేవగానే బిందె మూత తీసుకుని నేలమీద గిర్రున తిప్పాడు. అది ఆగేదాకా బోర్లా పడుకుని చూశాడు. నేనూ పడుకుని చూశాను. తర్వాత ఖాళీ బక్కెట్లో తల పెట్టి 'ఊ' అన్నాడు. నేను తల పెట్టి 'ఊ' అంటే లోపల్నుంచి నా గొంతు ఎవరిదోలా వినిపించింది. వాడు పకపకా నవ్వి మళ్లీ పెట్టమన్నాడు. అమ్మ గుండీల డబ్బా తెరిచి, మురుగునీళ్లు పోయే మోరీ దగ్గర కూర్చుని ఒక్కొక్క గుండీని నీళ్లలో వేసి, ప్రతిదానికీ 'టాటా' చెప్పాడు. తాతయ్య ఆపొద్దన్నాడు కాబట్టి నేనూ రెండు వేశాను. చీమల వరస కనబడితే చీమకొక మరమరం చొప్పున పెట్టుకుంటూ పోయాడు. ఏ చీమ దగ్గర పెట్టాడో మరిచిపోయి మళ్లీ మొదటికి వచ్చాడు.

తర్వాత సందులోకి నడిచాడు. ఇస్త్రీ బండి తాత వాణ్ణి చూడగానే అప్పుడే ఇస్త్రీ చేసిన పంచె ఒకటి కిందికి దించాడు. వాడు దానిమీద చెంప ఆనించి కళ్లు మూసుకున్నాడు. రోజూ ఇదే పని అట, నాకు అప్పటిదాకా తెలియదు. ఆ వెచ్చటి బట్టమీద నేనూ చెంప పెట్టాను. రైలు కూత వినబడితే చాలు, వాడు ఏం చేస్తున్నా వదిలేసి రెండు చేతులూ పైకెత్తి నిలబడేవాడు, తనను ఎవరో ఎత్తుకుంటారన్నట్టు. ఆ రోజు తొమ్మిదిసార్లు ఎత్తాడు. స్టేషన్ గేటు దగ్గర కనిపించిన ప్రతి హమాలీని 'తాతా' అని పిలిచాడు. అందరూ పలికారు.

మధ్యాహ్నానికి నా కాళ్లు పీకేశాయి. వాడు చేతిలో రొట్టెముక్క పట్టుకుని ఏదో చెబుతూ సగం మాటలోనే నిద్రపోయాడు. నేను వాడి పక్కనే పడుకున్నాను. వాడి నోటి దగ్గర మరమరాల వాసన వస్తోంది.

దీపం పెట్టే వేళకు తాతయ్యకు అంతా చెప్పాను. సగంలో అమ్మ మిషన్ ఆపి వచ్చి గడపమీద కూర్చుంది. గుండీల సంగతి విని కూడా కోప్పడలేదు.

"మీ బాపు గింతున్నప్పుడు ఏం చేస్తుండెనో నాకు ఒక్కటి యాదికి లేదు బిడ్డా" అన్నాడు తాతయ్య, నేను ముగించాక. "నేను డ్యూటీ దిగి వచ్చేవరకు పండుకుంటుండె. గడబిడ చేస్తే వాణ్ణి కొట్టి ఊకోబెట్టుమని మీ నాయనమ్మకు చెప్తుంటి."

అందులో బాధపడేది ఏముందో నాకు అర్థం కాలేదు.

ఆ వానకాలంలోనే తమ్ముడికి జ్వరం వచ్చింది. మొదట మామూలు జ్వరమే అనుకున్నాం. మూడోనాడు దవాఖానకు తీసుకుపోయారు. నన్ను పక్కింట్లో ఉంచారు. మర్నాడు పొద్దున బాపు వాణ్ణి తన పంచెలో చుట్టుకుని రిక్షా దిగాడు. అమ్మ ఎలా దిగిందో నాకు గుర్తులేదు.

తర్వాత ఇల్లు చాలా శుభ్రంగా ఉండేది. ఎక్కడ పెట్టిన వస్తువు అక్కడే ఉండేది. గుండీల డబ్బా మూత తీసి మరిచిపోయినా ఒక్క గుండీ పోయేది కాదు. అమ్మ ఆ డబ్బాను మోరీ దగ్గర పెట్టి రావడం నేనొకసారి చూశాను.

వాడి ఫోటో ఒక్కటి కూడా లేదు. వచ్చినవాళ్లంతా పిల్లవాడు మస్తు అల్లరి చేస్తుండె అనేవాళ్లు. ఏం చేస్తుండెనో ఎవరికీ సరిగా తెలియదు. నెల గడిచాక ఒకనాడు అమ్మ జాకెట్ అంచు కుడుతూ, తలెత్తకుండా, "ఆ రోజు వాడు ఏమేం చేసిండో మళ్ల చెప్పు" అంది. చెప్పాను. అప్పటినుంచి ఏటా ఒకటి రెండుసార్లు అడిగేది. నా పెళ్లయ్యాక పుట్టింటికి పోయినప్పుడు కూడా అడిగేది. ఒకసారి అమ్మ సంతోషపడుతుందని ఏదో కొత్తది కలిపాను. అమ్మ వెంటనే, "గది ఆ రోజు చెయ్యలే" అంది. మళ్లీ ఎప్పుడూ కలపలేదు.

అమ్మ చివరి రోజుల్లో, అంతా చెప్పాక, దాని ముందు రోజు సంగతి కూడా చెప్పాను. కాలు కట్టేసి పోయానని. తాతయ్య అప్పటికి పోయి చాలా ఏళ్లయింది.

"నాకెరుకే" అంది అమ్మ. "తానం పోసేటప్పుడు కాలు చూసిన." "నేను సుత వాణ్ణి రెండుసార్లు కట్టేసి మిషన్ కుట్టిన" అంది.

ఇప్పుడు నేను హిమాయత్‌నగర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. మనవరాలికి రెండు నిండాయి. కోడలు ఇంట్లోనే కంప్యూటర్ ముందు ఉద్యోగం చేస్తుంది. "ఇది ఎప్పుడు పెద్దగైతదో అత్తమ్మా" అంటుంది అలిసిపోయి. ఆమెను తప్పుపట్టను. నేనూ అలాగే అనుకున్నదాన్ని. మోకాళ్లు సహకరించినంతవరకు ఆ పిల్ల వెనకాల తిరుగుతాను. దాంతోపాటు సోఫా కిందికి చూస్తాను, పావురాలతో మాట్లాడతాను. సాయంత్రం కోడలు పని ముగించగానే అది ఆ రోజు చేసినవన్నీ వరసగా చెబుతాను. మొదట్లో ఫోన్ చూస్తూ వినేది. ఇప్పుడు ఫోన్ పక్కన పెట్టి వింటుంది.

చెబుతూ చెబుతూ ఒక్కోసారి నా నోట 'అది' అనే చోట 'వాడు' అని వస్తుంది. కోడలు సరిదిద్దదు.