ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు, ఒళ్లో టెంకాయతో

ఈ ఉదయం మా గేటు గొళ్లేనికి వాన చుక్క ఒకటి వేలాడుతోంది. అది పడేదాకా చూస్తూ నిలబడ్డాను.

ఎమ్మిగనూరులోని ఒక చిన్న చర్చిలో ఈరోజు నా బాప్తిస్మం. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే నాన్నకు ఆ సంగతి తెలియదు. సాయంత్రం నేనే చెప్పాలి. అంతకుముందే ఆయన బయట ఎవరి నోటనో వినకూడదు. చిన్నప్పటి నుంచి ఎవరు అడిగినా నేను ఫలానావారి అమ్మాయిని, లేదా క్లాసులో ఫస్టు వచ్చిన పిల్లను. నేను చదివిన కాన్వెంటు ప్రార్థన గదిలో మాత్రం ఏమీ నిరూపించుకోకుండా కూర్చోగలిగేదాన్ని. దాన్ని కృప అంటారని చాలా ఏళ్లకు తెలిసింది.

ఏడు గంటల పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. ప్రయాణం గంట పైనే అనుకోండి. శ్రావణం కాబట్టి సగం బస్సు ఉరుకుంద ఈరన్న భక్తులే. ఎమ్మిగనూరులో దిగి బస్సు మారతారు. నాన్నకు పత్తి బేరాలు కుదిర్చే దళారి శేషన్న ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు.

"ఏం పాపా, ఈరన్న తావకేనా? నేను గోనెగండ్లకు పోతాండా. మా పేరున ఇదొకటి కొట్టిచ్చు తల్లీ" అంటూ నా ఒళ్లో టెంకాయ పెట్టాడు.

గుడికి వెళ్లేవారి చేతికి ఇలా ఇచ్చి పంపడం మా వైపు మామూలే. కాదనడానికి నోరు రాలేదు. దారి పొడవునా దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. అది ఆయన మొక్కు. నా మౌనంతో దాన్ని పాడుచేస్తున్నాను.

ఎమ్మిగనూరు బస్టాండులో శేషన్న నాకోసం పరుగెత్తి, ఉరుకుంద బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేశాడు. "బిర్నా రా పాపా!"

"అన్నా, నేను ఉరుకుందకు పోవడం లేదు. చర్చికి పోతున్నాను. ఈరోజు నా బాప్తిస్మం."

"మీ నాయనకు ఎరికేనా?"

"లేదు. సాయంత్రం నేనే చెప్తాను."

"ఇంట్లో ఏం తక్కువైందమ్మా నీకు?"

"ఏమీ తక్కువ కాలేదన్నా."

ఆయన టెంకాయ తీసుకున్నాడు. "ఇంత మాట కడుపులో పెట్టుకొని ఆదోని నుంచి దీన్ని మోసుకొచ్చినావా! నోరు లేదా నీకు?" పట్టిన సీట్లో ఒక ముసలమ్మను కూర్చోబెట్టి, టెంకాయ ఆమెకిచ్చాడు. "ఈ పొద్దుకు నేను సెప్పను. నువ్వు సెప్పకుంటే మాత్రం రేపు నేనే సెప్తా."

అక్కడి నుంచి చర్చికి ఆటోలో ఇరవై రూపాయలు. చర్చి వెనక, బాప్తిస్మమిచ్చే సిమెంటు తొట్టి మెట్ల మీద ఆగిపోయాను. "భయమేస్తాందామ్మా?" అని పాస్టరుగారు అడిగారు. అవునన్నాను. "భయంతోనే రామ్మా, ఏం పర్వాలేదు" అన్నారు. నీళ్లు చల్లగా ఉన్నాయి.

తిరుగు బస్సు కోసం ఎదురుచూస్తూ ఇది రాస్తున్నాను. నాన్న ఏమంటారో తెలియదు. నేనెవరో మాత్రం ఆయన జవాబును బట్టి మారదు. ఈ కృప నేను సంపాదించుకున్నది కాదు కాబట్టి పోగొట్టుకునేదీ కాదు. ఆ ధైర్యంతోనే, ఆయన కూతురిగానే ఇంటికి వెళ్తున్నాను.

మీరూ ఇలా వెళ్తుంటే ఒక్క మాట: పొడి బట్టలు సంచిలో అన్నిటికంటే పైన పెట్టుకోండి. నా సంచిలో అవి పైనే ఉన్నాయి. సర్దింది అమ్మ.