కాయ దొరకని చెట్టు

ఆకు, కాయ, బెరడు మూడూ చేతికి తగిలితే తప్ప చెట్టు పేరు చెప్పని మనిషి మా ఆర్ట్ డైరెక్టర్ పరబ్రహ్మం గారు. ఒక్క చెట్లే కాదు. హోటల్లో సర్వరుతో, "రంగుంది, వాసనుంది, ముక్కేదీ? ఇది సాంబారని నేనెలా నమ్మేది?" అని పేచీ పెట్టేవారు. నేను చేరినప్పుడూ అంతే. "నీ గీత చూశాను, ఓపిక చూశాను. మూడోది చూశాకే నిన్ను అసిస్టెంటంటా." ఆ మూడోదేమిటో చెప్పలేదు, "ఏమోయ్" అనే పిలిచేవారు.

ఫిల్మ్ నగర్లో ఇళ్లకన్నా బండరాళ్లే ఎక్కువున్న రోజులవి. మా ఆఫీసు వెనక కుంట ఒడ్డున, చిత్తడి నేలలో ఓ చెట్టు. దాని నీడలో భూలక్ష్మి టీ బండి. అలాంటి టీ మళ్లీ తాగలేదు నేను.

నిర్మాత వెంకటాచలం గారికి అక్కడ కార్లు పెట్టించాలని బుద్ధి పుట్టింది. కానీ సినిమా సెంటిమెంటు! ఏ దేవుడి చెట్టో తెలియకుండా గొడ్డలి వేస్తే సినిమా పోతుందని భయం.

"బ్రహ్మంగారూ, దీని పేరేంటండీ?"

"ఆకులు కొమ్మ చివర గుత్తుగా ఉన్నాయి. బెరడు నల్లగా, గరుకుగా ఉంది. కణప చెట్టులాగే ఉందండీ."

"అంటే పూజల చెట్టు కాదన్నమాట. కొట్టేద్దామా?"

"కాయ చూడొద్దూ? కణపైతే నాలుగు పలకలుండాలి."

"ఎర్రపువ్వులు తాళ్లలా వేలాడుతుంటే చూశాం కదండీ!"

"పువ్వు మేకప్పండీ. కాయే అసలు మొహం."

ఏటా వానాకాలం వచ్చేది, కాయ మాత్రం కనబడేది కాదు. భూలక్ష్మికి ప్రాణం గిలగిల్లాడేది. "సార్ పేరు చెప్పిండా? చెట్టు పోతే నా బండి యాడ పెట్టాలె?" అని నన్నడిగేది. ఈయనకసలు చెట్లే తెలియవని నాకు గట్టి నమ్మకం.

ఓ ముసురు రోజు పొద్దున్నే వెళ్లాను. చెట్టు కింద గొడుగు లేకుండా పరబ్రహ్మం గారు, చేతిలో దోటి. కాయల గుత్తులు తెంపి లాల్చీ జేబుల్లో కుక్కుతున్నారు. జేబులు మోకాళ్ల దాకా సాగిపోయాయి. నా కాళ్ల దగ్గర ఒకటి రాలింది. తీసి చూస్తే, నాలుగు పలకల కాయ. కణపే!

అంతలో హారన్. వెంకటాచలం గారు దిగారు.

"ఏమయ్యా, ఈ ఏడైనా కాయ దొరికిందా?"

అడిగింది నన్ను. పరబ్రహ్మం గారు చెట్టు చాటుకు జరిగి, దోటిని వెనక దాచుకుని, పరీక్షలో దొరికిపోయిన పిల్లాడిలా నన్నే చూస్తున్నారు. నేను కాయని జేబులో వేసుకున్నాను.

"లేదండీ."

కారు వెళ్లిపోయింది. భూలక్ష్మి నవ్వుతూ స్టవ్ వెలిగించింది.

"జర అల్లం ఎక్కువేయమ్మా," అని, ఆయన తడిచేయి నా భుజం మీద వేశారు. "నాకూ, మా అసిస్టెంటుకీ."