చెప్పుల కాపలా మాని ఉనవటునకు

ఈ ప్రయాణానికి ముందు నేను మూడు సముద్రతీరాలు చూశాను. బాపట్ల దగ్గరి సూర్యలంక, విశాఖపట్నం, చెన్నై మెరీనా. మూడు చోట్లా నేను చేసిన పని ఒక్కటే, అందరి చెప్పులకూ సంచులకూ కాపలా కూర్చోవడం. రజియా ఎలాగూ నీళ్లలోకి రాదని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడిగేవారు కాదు, నా ముందు చెప్పులు విడిచి పరుగెత్తేవారు. తడిసిన బట్టలు ఒంటికి అతుక్కుంటే నలుగురిలో ఎలా అని నేనూ కదిలేదాన్ని కాదు. కానీ ఒళ్లు మండేది. పెద్దవాళ్లు సైతం చిన్నపిల్లల్లా కేకలు వేస్తుంటే, నేను ఎవరిదో ఎడమకాలి చెప్పు కుక్క ఎత్తుకుపోకుండా చూసుకుంటూ ఉండేదాన్ని.

చిన్నమ్మాయి పెళ్లి కూడా అయిపోయాక ఒక ఆదివారం మల్కాజ్‌గిరిలో మా ఇంట్లో టీ తాగుతూ మా ఆయనకు చెప్పేశాను. జనవరి సెలవుల్లో శ్రీలంక వెళ్తున్నాం, అక్కడి సముద్రంలో నేను వెల్లకిలా పడుకుని తేలాలి, మిగతావన్నీ మీ ఇష్టం అన్నాను. మా ఆయన ఖాజా చిలకలగూడలో లేడీస్ టైలర్. పెళ్లిళ్ల సీజను తప్ప వేరే కాలం ఉంటుందని ఆయనకు తెలియదు. కప్పు కింద పెట్టి, "నీకు ఈత ఏడొస్తదే?" అన్నాడు.

వచ్చు. కిందటి వేసవిలో మా బడిలో లెక్కలు చెప్పే మేరీ టీచరు నన్ను కాప్రా వైపున్న ఒక స్విమ్మింగ్ పూల్‌కు, ఆడవాళ్ల బ్యాచికి లాక్కెళ్లింది. నలుగురిలో వేసుకోలేనిది గానీ, ఆడవాళ్లమే కదా అని ఆమె పాత నైలాన్ డ్రెస్సు ఇచ్చింది. ఈత పూర్తిగా అబ్బలేదు. తేలడం మాత్రం వచ్చింది. మొదటిసారి తేలిన రోజు ఇంటికొచ్చి ఎవరికీ చెప్పకుండా బిర్యానీ వండాను. మా ఆయన ఏం పండుగ అని అడిగి, జవాబు రాకముందే తినేశాడు.

ప్లాను మొత్తం నాదే. గోవా పోవచ్చుగా అని స్టాఫ్ రూములో అందరూ అన్నారు. గోవా అలలు నాకు పడవు. నాకు కావలసింది అలలు దూరంగానే విరిగిపోయే చోటు. శ్రీలంక దక్షిణాన గాలే ఊరి పక్కన ఉనవటున అనే చిన్న తీరం ఉంది. అక్కడ సముద్రం ఒడ్డులోకి గుండ్రంగా తిరిగి ఉంటుంది, పగడపు దిబ్బ అలల జోరును ఆపుతుంది. జనవరిలో అటువైపు నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి. తెలుగు కేలండరు పక్కన పెట్టుకుని పౌర్ణమి ఎప్పుడో కూడా చూశాను, ఎందుకంటే పౌర్ణమి బౌద్ధులకు పవిత్రమైన రోజని ఆ దేశమంతా సెలవు, రైళ్లలో కాలు పెట్టే చోటుండదు, కోడికూర కూడా దొరకదు. వీసా ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో తెచ్చుకున్నాం. సికింద్రాబాద్ నుంచి చెన్నైకి రైలు, అక్కడి నుంచి కొలంబోకు విమానం. ఇన్ని చూసుకున్నదాన్ని, ఒక్కటి మాత్రం మా ఆయనకు వదిలేశాను.

అది నీళ్లలో వేసుకునే డ్రెస్సు. మెడ నుంచి చీలమండ దాకా కప్పేవి, పైన మోకాళ్ల దాకా కమీజులాంటి ట్యూనిక్ ఉన్నవి రెడీమేడ్ దొరుకుతాయని, తడిసినా బరువెక్కవని మేరీ చెప్పింది. ఆ మాట ఇంట్లో అన్నందుకు మా ఆయన రెండు రోజులు మొహం మాడ్చుకున్నాడు.

"టైలర్ పెండ్లాం రెడీమేడ్ ఏసుకుంటే ఇగ నేను షట్టర్ గుంజుకోవాలె. ఏం పరేషాన్ కాకు, నేను కుడ్త."

జనరల్ బజారుకు వెళ్లి ఒంటితో సాగే మంచి లైక్రా గుడ్డ తెచ్చాడు, ముదురు నీలం. గుడ్డలో తప్పు లేదు, ఆ మాట ముందే చెబుతున్నాను. తప్పంతా 'రేపు' దగ్గర. టైలరు దగ్గరికి ఎప్పుడు వెళ్లినా రేపు రమ్మంటాడని అందరూ తిట్టుకుంటారు కదా, టైలరు భార్యకూ అదే మర్యాద. పూల్‌లో ఒకసారి వేసుకుని చూస్తానంటే రేపు, ఎల్లుండి అంటూనే ప్రయాణం రోజు తెచ్చాడు. సాయంత్రం ఆరింటి బండికి నేను సామానుతో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటే, దుకాణం నుంచి నేరుగా రొప్పుతూ వచ్చి న్యూస్‌పేపరులో చుట్టిన పొట్లం చేతిలో పెట్టాడు.

ఎదురు బెర్తులో నెల్లూరు వెళ్తున్న రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకాయన, సముద్రం మనకూ ఉంది గదమ్మా, అంత దూరం ఎందుకన్నాడు. మన సముద్రం దగ్గర నాకు ఒడ్డు మీద ఉద్యోగం ఉందండీ, అందుకే పోతున్నానన్నాను. ఆయనకు అర్థం కాలేదు గానీ, నేనిచ్చిన పూరీలు మాత్రం తిన్నాడు.

పొద్దున చెన్నైలో దిగి లోకల్ రైల్లో ఎయిర్‌పోర్టుకు చేరాం. సెక్యూరిటీ దగ్గర మా ఆయన చొక్కా జేబులోంచి దారాలు తెంపే చిన్న కత్తెర బయటపడింది. అది ఆయన ఒంట్లో భాగం, స్నానానికి వెళ్లేటప్పుడు తప్ప తియ్యడు. వాళ్లు అది తీసుకుని డబ్బాలో వేస్తుంటే, కూతురిని అత్తారింటికి పంపుతున్నట్టు చూశాడు. నాకు నవ్వాగలేదు. విమానం ఎక్కి కాస్త సర్దుకునే లోపే దిగమన్నారు, అంత దగ్గర.

కొలంబోలో ఎయిర్‌పోర్టు బస్సెక్కి, ఫోర్ట్ స్టేషనుకు నడిచేంత దూరంలో ఉన్న లాడ్జిలో దిగాం. రాత్రి భోజనానికి కొత్తు పరోటా తిన్నాం. పెనం మీదే పరోటాలను రెండు ఇనుప రేకులతో టకటకా తరిగి, కోడికూర కలిపి ఇస్తారు. ఆ చప్పుడు కుట్టు మిషనులా ఉందని మా ఆయన రెండో ప్లేటు కూడా చెప్పాడు.

మర్నాడు పొద్దున ఏడింటికి గాలే రైలు. సెకండ్ క్లాసు టికెట్లు కౌంటరులోనే దొరికాయి. కుడివైపు కిటికీ పట్టుకోవాలని నేను ముందే చదివి ఉంచుకున్నాను కాబట్టి తోసుకుని మరీ పట్టుకున్నాను. ఊరు దాటకముందే సముద్రం పట్టాల పక్కకు వచ్చేసింది. కిటికీలోంచి తుంపర మొహాన పడుతోంది. పక్కన కూర్చున్న ముసలావిడ నా మొహం చూసి నవ్వి, ఇంగ్లీషులో ఫస్ట్ టైమా అని అడిగింది. కాదు, నాలుగోసారి అన్నాను. దాదాపు రెండున్నర గంటలు నేను కిటికీలోంచి తల లోపలికి తియ్యలేదు.

గాలేలో కోట గోడల మీద నడిచాం. చూడగానే చర్చి అనిపించే తెల్లటి మసీదులో మా ఆయన మధ్యాహ్నం జొహర్ నమాజు చదువుకున్నాడు. నారింజ రంగు కొబ్బరిబొండాలు తాగి, ఆటోలో ఉనవటున చేరేసరికి సాయంత్రమైంది. మాది ఒక ముస్లిం కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్. ఇంటావిడ ఆయిషాకు తమిళం, సింహళం వచ్చు, నాకు అవి రావు. ఇద్దరం ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషులో చక్కగా మాట్లాడుకున్నాం. పొద్దున దోసెల్లాంటి అప్పాలు, ఎర్రటి కొబ్బరి తొక్కు పెడతానంది. మా చేతిలో ఉన్నది ఒక పూర్తి రోజు, ఆ మర్నాడు బయలుదేరే ముందు కాస్త పొద్దు.

ఆ పూర్తి రోజు పొద్దున్నే డ్రెస్సు వేసుకుని అద్దంలో చూసుకున్నాను. ఎక్కడా ఒక ముడత లేదు, ఎక్కడా ఒంటిని పట్టి లేదు. మా ఆయన చేతి పనితనం గురించి ఎవరు ఏమన్నా నేను ఊరుకోను. ధైర్యంగా నడుచుకుంటూ వెళ్లి, నడుము లోతు నీళ్లలో నిలబడ్డాను. గోరువెచ్చగా ఉన్నాయి. బిస్మిల్లా అనుకుని వెనక్కి వాలాను.

మునిగిపోయాను. తల తేలుతోంది గానీ కాళ్లను ఎవరో కిందికి గుంజుతున్నారు. లేచి మళ్లీ వాలాను, మళ్లీ అంతే. ముక్కులోకి, నోట్లోకి ఉప్పునీళ్లు. ప్రతిసారీ బరువు ఇంకాస్త పెరుగుతోంది. ఆఖరికి ట్యూనిక్ రెండు చేతులా పట్టుకుని ఒడ్డుకు ఈడ్చుకుంటూ వచ్చి తడిమి చూస్తే, అంచు పొడవునా ఇసుక, కిలోలకు కిలోలు.

సంగతి అప్పుడు అర్థమైంది. మా ఆయన అంచును నాలుగు వేళ్ల వెడల్పున లోపలికి మడిచాడు. పక్క కుట్లలో రెండేసి వేళ్ల గుడ్డ వదిలాడు. పైగా లోపల లైనింగు. సికింద్రాబాద్‌లో ఏ లేడీస్ టైలరైనా జాకెట్టుకు, కమీజుకు లోపల మార్జిన్ వదులుతాడు, ఒళ్లు వస్తే కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చని. పెళ్లి బట్టలకు వదిలినట్టే ఈయన సముద్రం బట్టలకూ వదిలాడు. ఆ మడతలన్నీ సంచుల్లా తెరుచుకుని సముద్రాన్ని నింపుకున్నాయి.

నాకు ఏడుపు వచ్చింది. ఇన్నేళ్లకు నీళ్లలోకి దిగి, మళ్లీ ఒడ్డు మీదే కూర్చున్నాను. పక్కనే నా చెప్పులు, ఆయన చెప్పులు. మా ఆయన వచ్చి ఏందైందని అడిగితే అంచు పిండి చూపించాను. ఇసుక పాదాల మీద కుప్పగా పడింది.

"ఈ గుడ్డంతా లోపల ఎందుకు పెట్టిండ్రు?"

"రేపు జెర లావైతే ఇప్పుకోవచ్చని పెట్టిన."

"నాకు యాభై నాలుగేండ్లు. ఎల్లుండికి ఇంట్ల ఉంటం. ఇంకెప్పుడు ఇప్పుకుంట?"

ఆయన వంగి ఆ అంచును వేళ్ల మధ్య నలిపి చూశాడు. నేను గదికి వెళ్లి స్నానం చేసి, భోజనం వద్దని పడుకున్నాను. ఆ ప్లాను వేసిన నా తెలివి మీదే నాకు మొదటిసారి చిరాకు వేసింది.

లేచి వరండాలోకి వస్తే, మా ఆయన మెట్ల మీద కూర్చుని డ్రెస్సును తిరగేసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన కత్తెర చెన్నైలో పోయింది కదా, ఆయిషా వంటింట్లో చేపల రెక్కలు కోసే కత్తెర అడిగి తెచ్చుకున్నాడు. దాన్ని చూసి మొహం చిట్లిస్తూనే లైనింగు మొత్తం కోసి తీసేశాడు. పక్క కుట్ల లోపలి గుడ్డను కుట్టు అంచు దాకా కత్తిరించాడు. కింది మడత విప్పి కోసేసి, ఒంటి మడతతో చేత్తో కుట్టుకుంటూ వస్తున్నాడు. గుడ్డ ముక్కలు కాళ్ల దగ్గర పోగుపడ్డాయి. మిషను మీద చకచకా అయిపోయే పనికి సాయంత్రం అసర్ నమాజు వేళయింది. ఆయనా అన్నం తినలేదని ఆయిషా చెప్పింది.

కుట్టు ముగించి దారం పళ్లతో తెంపి, డ్రెస్సు నా చేతికిచ్చాడు.

"ఇంక లోపలేం లేదు. తప్పయితే సర్దుడానికి సుత లేదు. నా జిందగీల గిట్ల ఎవ్వలకు కుట్టలే."

నాకు కోపం ఎప్పుడు పోయిందో తెలియలేదు. ఇద్దరం వెళ్లి చేపల కూర, అన్నం కడుపు నిండా తిన్నాం.

ఆఖరి పొద్దున ఆరున్నరకే తీరానికి వెళ్లాం. పడవలవాళ్లు వలలు సర్దుకుంటున్నారు. నేను చెప్పులు విడిచి మా ఆయన ముందు పెట్టి నీళ్లలోకి నడిచాను. నడుము లోతు. వెనక్కి వాలాను. ఈసారి కాళ్లు వాటంతట అవే పైకి లేచాయి. చెవులు మునిగాయి, ఊరి చప్పుడంతా ఆగిపోయింది. పైన ఆకాశం, కింద ఎంత లోతో తెలియని నీళ్లు, మధ్యలో జనగామలో పుట్టిన రజియా. సంతోషంతో నవ్వితే నోట్లోకి నీళ్లు వెళ్లాయి, ఉమ్మేసి మళ్లీ నవ్వాను. అల వస్తే లేపేది, పోతే దించేది. ఎంతసేపు అలా ఉన్నానో లెక్క పెట్టలేదు. వేళ్ల చర్మం ముడతలు పడ్డాకే ఒడ్డుకు వచ్చాను.

మా ఆయన అక్కడే, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఎండలో కూర్చుని ఉన్నాడు. చుట్టూ చాలా చెప్పులు ఉన్నాయి. విజయవాడ నుంచి వచ్చిన కుటుంబం ఒకటి ఆయన తెలుగువాడని పసిగట్టి, అంకుల్ కాస్త చూస్తుండండని అందరి చెప్పులూ, ఫోన్లూ, చిప్స్ ప్యాకెట్లూ ఆయన ముందు పెట్టి పరుగెత్తారట. ఒక కాకి చిప్స్ కోసం తిరుగుతుంటే తోలుతున్నాడు. మెడ మీద ఎండకు కమిలింది. నన్ను చూడగానే లేవబోయి, చెప్పులు గుర్తొచ్చి కూర్చున్నాడు.

"బాపట్లల, వైజాగుల నువ్వు గిట్లనే కూసున్నవ్ గద. గంటకే నాకు పానం పోతున్నది. ఎట్ల కూసున్నవ్ రజియా?"

నేను ఆయన పక్కన కూర్చుని కాకిని తోలాను. విజయవాడవాళ్లు వచ్చేదాకా ఇద్దరం కాపలా ఉన్నాం.

తిరుగు ప్రయాణం కూడా అదే దారి, గాలే రైలు, విమానం, చెన్నైలో సాయంత్రం బండి. పూర్తిగా ఆరని డ్రెస్సును బెర్తు కొక్కేనికి తగిలించాను. ఎదురుగా కూర్చున్న గూడూరు ఆవిడ దాన్ని పట్టుకుని చూసి, ఎక్కడ కొన్నారని అడిగింది. నేను మా ఆయన్ని చూపించాను. తనకూ ఒకటి కుట్టిపెడతారా అంటే, ఆయన కళ్లతోనే కొలతలు తీసుకుని, కుడతా గానీ లోపల మార్జిన్ ఉండదమ్మా, రేపు లావైతే కొత్తది కుట్టించుకోవాలె అన్నాడు. ఇదెక్కడి టైలరో అన్నట్టు ఆవిడ నా వైపు చూసింది. నేను కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను.

పొద్దున సికింద్రాబాద్‌లో దిగి మల్కాజ్‌గిరి బస్సు ఎక్కాం. ఇప్పటికీ ఆ డ్రెస్సు మడత విప్పినప్పుడు రెండు మూడు ఇసుక రేణువులు రాలుతూనే ఉన్నాయి. మీరూ ఉనవటున వెళ్తే పౌర్ణమి ఎప్పుడో చూసుకోండి, రైల్లో కుడివైపు కిటికీ పట్టుకోండి, నీళ్లలో వేసుకునే బట్టలు ఊళ్లోనే ఒకసారి తడిపి చూసుకోండి. తీరానికి మాత్రం చెప్పులు గదిలోనే వదిలేసి వెళ్లండి. ఇసుక మెత్తగానే ఉంటుంది, మీలో ఎవరూ ఒడ్డున కూర్చోనక్కర్లేదు.